జూదము చూచినవాని పాలు

జూదమాడుట దోషమని పెద్దలు చెప్పగా విననివారు మనలో లేరు. అయితే జూదమును చూచుట మాట యేమి? పాచికను చేత తాకక, సంచిలోని రూపాయి తీయక, గోడ ప్రక్క నిలిచి చూచి వచ్చినవానికి అందు భాగము కలదా, లేదా? ఈ ప్రశ్న నాకు శాస్త్రపాఠమున పుట్టినది కాదు. ఒక సాయంకాలము నేను చేసిన తప్పు నుండి పుట్టినది.

అది 1984వ సంవత్సరము. కోస్తా ప్రాంతమున ఒక చిన్న పట్టణములో నేను సంస్కృతోపాధ్యాయుడుగా క్రొత్తగా చేరియుంటిని. మా ప్రక్క వాటాలో ఒక గుమాస్తా కాపురముండెను. మంచివాడు, శనివారము తప్పక గుడికి పోవువాడు. ఒకనాడు దీపములు పెట్టు వేళ ఆయన యిల్లాలు మా గడప కడకు వచ్చి, "అన్నయ్యగారూ! ఇవాళ ఆయనకు జీతం వచ్చే రోజు. ఇంకా ఇల్లు చేరలేదు. రేపు అబ్బాయికి పరీక్ష ఫీజు కట్టాలి. ఆ బిలియర్డ్సు గదిలో ఉన్నారేమో, ఒక్కసారి చూసి పిలుచుకు రారూ" అని కోరెను.

నేను పోయితిని. ఆ గదిలో ఆకుపచ్చని బట్ట పరచిన పెద్ద బల్ల. దానిపై వ్రేలాడు దీపములు. నాలుగు మూలలను, రెండు నిడుపు ప్రక్కల నడుమను, మొత్తము ఆరు గుంటలు. ఆటగాడు పొడుగు కర్ర కొనకు సుద్ద రాచి తెల్లబంతిని కొట్టును. దాని తాకిడికి రంగుబంతి గుంటలో పడవలెను. మా పొరుగాయన ఒక వ్యాపారితో ఆడుచుండెను. పది రూపాయలతో మొదలైన పందెము ఇరువది, ఏబది అయి, నేను చేరునప్పటికి నూరైనది.

నిజము చెప్పవలెను గదా! వచ్చిన పని మరచితిని. ఆయన కొట్టిన యొక దెబ్బకు తెల్లబంతి రెండు అంచులను తాకి తిరిగి వచ్చి, మూలనున్న బంతిని మెల్లగా గుంటలోనికి త్రోసినది. ఆ లెక్కకు నా మనస్సు ముగ్ధమైనది. ఆయన ఆ ఆట గెలిచి, కర్రను గోడకు ఆనించి, నా వంక చూచెను. "ఇక ఇంటికి పోదమా?" అని ఆ చూపు అడుగుచున్నట్లే ఉండెను. నేనో, "శభాష్! ఏమి చేయి అండీ మీది!" అంటిని. చుట్టునున్నవారు నవ్విరి. ఆయన మరల కర్రను చేతబట్టెను. తరువాత వరుసగా ఓడెను. జీతము పోయెను, చేతిగడియారమును పోయెను.

మరునాడు నూతి కడ ఎదురుపడినపుడు ఆ యిల్లాలు నన్ను నిందింపలేదు. "మీరు అక్కడే ఉన్నారటగా, అన్నయ్యగారూ" అని మాత్రము అనెను. ఆ మాట విని నలువది యేండ్లు దాటినవి. నేటికిని నా కడ దానికి సమాధానము లేదు.

శ్రీమద్భాగవత దశమస్కంధమున ఇట్టిదే యొక పందెపు కథ కలదు. అనిరుద్ధుని వివాహమునకు శ్రీకృష్ణ బలరాములు భోజకటమునకు విచ్చేసిరి. పెండ్లి ముగిసిన పిమ్మట కళింగరాజు మొదలగువారు రుక్మిని పురికొల్పిరి: బలరామునకు పాచికలు తెలియవు గాని వానియందు మోజు మెండు, పిలిచి గెలువుమనిరి. నూరు, వేయి, పదివేలు నిష్కములుగా పందెము పెరిగినది. బలరాముడు ఓడిన ప్రతి పర్యాయము రుక్మికి గెలుపు. కళింగరాజునకు పండ్లు కనబడునంత నవ్వు. పిదప లక్షకు పందెము కాయగా బలరాముడే గెలిచెను. రుక్మి తానే గెలిచితినని బొంకెను. మరల అంతకు మిక్కిలి పందెము. మరల బలరాముని గెలుపు. మరల అదే బొంకు. ఈసారి రుక్మి, ఇచ్చటివారే చెప్పుదురు గాక అని సాక్షులను పిలిచెను. ఆ సాక్షులలో ఒక్కరును నోరు మెదపినట్లు గ్రంథమున కానరాదు. చెప్పవలసిన మనుష్యులు చెప్పకపోగా అశరీరవాణి చెప్పవలసి వచ్చినది. దానిని కూడ లెక్కచేయక రుక్మి పరిహసింపగా బలరాముడు పెండ్లి ఇంటనే వానిని వధించెను. పరుగెత్తిన కళింగరాజును పదవ అడుగున పట్టి, నవ్విన ఆ పండ్లనే రాలగొట్టెను.

కళింగుడు పాచిక వేయలేదు; పందెము కాయలేదు. పురికొల్పెను, నవ్వెను. శిక్ష వాని నోటికే తగిలినది. ఆ ఘట్టమును చదువునపుడెల్ల నా "శభాష్" నాకు జ్ఞప్తికి వచ్చును.

"నవ్వుట దోషమే కావచ్చును, ఊరకుండుట కూడ దోషమా?" అని అడుగవచ్చును. దీనికి సభాపర్వమున విదురుడు ఉత్తరము చెప్పియున్నాడు. ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలు బదులు చెప్పలేక కూర్చున్నపుడు ఆయన ప్రహ్లాదుని కథ నెత్తుకొనెను. ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడును, అంగిరసుని కుమారుడు సుధన్వుడును, తమలో ఎవరు శ్రేష్ఠులని ప్రాణములనే పందెముగా ఒడ్డి, తీర్పునకు ప్రహ్లాదుని కడకే వచ్చిరి. నిజము చెప్పినచో కన్నకొడుకు ప్రాణము పోవును. ప్రహ్లాదుడు కశ్యపుని అడుగగా ఆ మహర్షి పాపపు పంపకమును లెక్కకట్టి చెప్పెను: నిందింపదగినదానిని నిందింపని సభయందు పాపములో సగము సభాపతికి, పావు చేసినవానికి, పావు చూచుచు ఊరకున్నవారికి. నిందించిన సభయందో, మొత్తము చేసినవానికే. ప్రహ్లాదుడు కొడుకు ముఖము చూడక సుధన్వుడే శ్రేష్ఠుడని పలికెను. ఆ సత్యమునకు సంతసించి సుధన్వుడు విరోచనుని ప్రాణమును తిరిగి యిచ్చెను. హస్తినాపుర సభలో ఆ ధైర్యము విదురునకును, కౌరవులలో వికర్ణునకును కలిగినది. తక్కినవారికి పావు భాగము దక్కినది.

కొందరు ఇంకొక సందేహము తెత్తురు. గీతయందు భగవానుడు వంచకులలో జూదము తానేనని చెప్పియుండలేదా అందురు. చెప్పెను. సర్వ పదార్థములయందలి శక్తి తనదేనని విభూతియోగమున చెప్పుట వేరు. ఆ పనిని చేయుమని విధించుట వేరు. పరీక్షిత్తు కలికి నివాసములు కేటాయించునపుడు మొదట చెప్పినది జూదమునే. మరి ఆటలో దోషమున్నదా? ఆటలో లేదు. ఆ బల్లలోను బంతులలోను లేదు. ఆయన చేతి నేర్పులో అసలే లేదు. ఒకని ఇంటి అన్నము మరియొకని గెలుపు అగుటయందున్నది.

రుక్మి మరణించినపుడు శ్రీకృష్ణుడు మేలనియు కీడనియు అనలేదని భాగవతము చెప్పుచున్నది. ఒక ప్రక్క తోబుట్టువును కోల్పోయిన రుక్మిణి, ఒక ప్రక్క అన్నగారు. ఎవరి స్నేహము చెడునో యని ఊరకుండెను. పందెము ముగిసిన పిమ్మట సర్వజ్ఞుడైన స్వామికే పలుకుటకు మాట మిగులలేదు! ఆ స్వామియే అరణ్యపర్వమున పాండవులతో ఏమనెను? తాను సాల్వునితో యుద్ధమున నుండక ద్వారకలో ఉండినచో, ఎవరు పిలువకున్నను హస్తినకు వచ్చి, జూదపు దోషములను ఎత్తిచూపి ఆ ఆటను మాన్పించి యుందుననెను. ముందు పలికిన మాటకే విలువ. ఆయన పిలువకున్నను పోయెదననెను. నేనో, పిలుచుకొని రమ్మని పంపగా పోయి, పిలువక నిలిచితిని.

నేడు ఆ గది మన చేతిలోని ఫోనులోనికి వచ్చినది. డబ్బు కాయు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను చట్టసవరణలతో నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టమును ఆమోదించినది. చట్టము ఆటను ఆపగలదు గాని, ప్రక్క కుర్చీలో కూర్చుండి, "ఎంత వచ్చిందిరా?" అని నవ్వు తాతను ఆపజాలదు. దీపావళి రాత్రి పేకాటకు కాఫీలందించుచు ముచ్చటపడు ఇంటివారిని ఆపజాలదు. ఆ పావు భాగము మన చేతిలోని పని.

ఆర్యులారా! ఇంట గాని, ప్రయాణమున బస గదిలో గాని, పందెము కంటబడినపుడు వాదమక్కరలేదు. భుజముపై చేయి వేసి, "ఇంటి దగ్గర మీకోసం చూస్తున్నారు, రండి" అన్న చాలును. ఆనాడు నేను అనవలసినది ఆ మాటయే. నేటికిని ఆ స్వామి సన్నిధిని చేతులు జోడించినపుడు, కోరికలకు ముందు ఆ పావు భాగమును ఒప్పుకొనుచున్నాను.