ద్రష్ట, దృశ్యం, పాత కంప్యూటర్

పాత కంప్యూటర్‌ను లోపలి హార్డ్‌డిస్కుతో కాక సీడీతోనో పెన్‌డ్రైవ్‌తోనో మొదలుపెట్టడం మామూలు మరమ్మతు పని. అయితే తెలుసుకునేది తనను తాను తెలుసుకోగలదా అని భారతీయ దర్శనాలు శతాబ్దాలపాటు వాదించుకున్న ప్రశ్న ఈ పనిలో స్పష్టంగా ఎదురవుతుంది.

స్విచ్ వేయగానే ముందు మేలుకునేది డిస్కు కాదు, మదర్‌బోర్డు చిప్పులోని బయాస్ అనే ప్రోగ్రామ్. అది మెమరీనీ కీబోర్డునూ పరీక్షించి, నిర్ణయించిన వరుసలో డిస్కులు వెతుకుతుంది. హార్డ్‌డిస్కయితే దాని మొదటి 512 బైట్లను మెమరీలోకి తెచ్చి, పగ్గాలు వాటికి అప్పగిస్తుంది. 1981 నాటి ఐబీఎం పీసీ ముందు ఫ్లాపీని చూసేది. సీడీతో మొదలుపెట్టడానికి 1995లో ప్రమాణం వచ్చింది. డిలీట్, ఎఫ్2, ఎఫ్12 వంటి మీటలతో ఈ వరుసను మార్చవచ్చు. పెన్‌డ్రైవ్‌తో మొదలవడం తెలియని మరీ పాత యంత్రాలకు సీడీయే దిక్కు.

జహీరాబాద్ కర్ణాటక సరిహద్దుకు దగ్గరి పట్టణం; తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ అక్కడ వినిపిస్తాయి. అక్కడ ఒక పాత కంప్యూటర్‌లో విండోస్ ఎక్స్‌పీ మొరాయించిందనుకుందాం. తెలుగు అమర్చిన లినక్స్ సీడీ పెడితే తెర తెలుగులో తెరుచుకుంటుంది, ఉర్దూ అమర్చినది పెడితే ఉర్దూలో. ప్రాసెసర్ అదే, మెమరీ అదే. దీన్ని పరకాయ ప్రవేశమనడం తేలికే గానీ, అసలు విశేషం అది కాదు. నిన్నటిదాకా అన్నిటినీ చూసి నడిపిన ఎక్స్‌పీ ఇప్పుడు చదవదగిన ఫైళ్ల కుప్పగా మిగిలింది. ద్రష్టగా, అంటే చూసేదిగా, ఉన్నది దృశ్యమైంది, అంటే చూడబడేదైంది. దాన్ని బాగుచేసే వీలు కలిగింది కూడా అందుకే. తాను నడుస్తున్న డిస్కును విండోస్ పూర్తిగా సరిచేయలేదు. మళ్లీ మొదలయ్యేటప్పుడు చేస్తానని వాయిదా వేస్తుంది.

చూపు తనను తాను చూడలేదని బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడు మూలమధ్యమకకారికలో వాదించాడు. తెలుసుకునేవాణ్ణి దేనితో తెలుసుకోవాలని బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయిని అడిగాడు. మరో బౌద్ధ దార్శనికుడు దిఙ్నాగుడు మాత్రం ప్రతి జ్ఞానంలోనూ తన గురించిన ఎరుక కూడా ఉంటుందన్నాడు. ఇక్కడి యంత్రానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది న్యాయదర్శనం. ఒక జ్ఞానాన్ని దాని తరువాత పుట్టే మరో జ్ఞానం గ్రహిస్తుందనీ, అది అనువ్యవసాయమనీ నైయాయికులు అంటారు. హార్డ్‌డిస్కును సీడీ పరిశీలించినట్టే.

మరి సీడీని పరిశీలించేదెవరు? ఇంకో డిస్కు, దానికి ఇంకొకటి: ఇది అనవస్థ. ప్రతి జ్ఞానమూ తెలియబడి తీరాలన్న నియమం లేదని నైయాయికుల జవాబు. సీడీ విషయంలో ఈ జవాబు నిలుస్తుంది. తనను ఎవరూ తనిఖీ చేయకపోయినా అది ఫైళ్లను కాపాడగలదు.

అద్వైతానికి ఈ జవాబు చాలదు. ఎన్నడూ దృశ్యం కాని స్వయంప్రకాశ సాక్షి ఉండాలని శంకరాచార్యుల మతం. అన్ని డిస్కులకూ ముందే మేలుకునే బయాస్‌ను ఆ సాక్షి స్థానంలో నిలపాలని అనిపించవచ్చు. కానీ ఎన్నో యంత్రాల్లో డిస్కు మీది ప్రోగ్రామే బయాస్‌ను చెరిపి కొత్తది రాయగలదు. అంటే అదీ దృశ్యమే. అద్వైతం చెప్పే సాక్షికి ఈ యంత్రంలో సాటి లేదు.