నీళ్ల బిందె ఎత్తిన చేతులు

శనివారం సాయంత్రాలు మా వీధి పిల్లలకు భగవద్గీత చెబుతాను. తెలుగు టీచరుగా రిటైరయ్యాక పెట్టుకున్న పని ఇది. మూడో అధ్యాయం దగ్గర ఎప్పుడూ ఎక్కువసేపు ఆగుతాను. పెద్దవాడు ఏది చేస్తే లోకం అదే చేస్తుందని అర్జునుడితో అన్న కృష్ణుడు, వెంటనే తన సంగతే ఎత్తుతాడు. మూడు లోకాల్లోనూ తాను సాధించుకోవలసిందేమీ లేదట, అయినా పని మానలేదట. ఉపదేశిస్తున్నది దేవుడే, కానీ ఆ పూట ఆయన చేతిలో గుర్రాల పగ్గాలున్నాయి. సారథ్యం చేస్తూ చెప్పాడు కనుకే ఆ మాటకు అంత బలం అని నా నమ్మకం.

మాది రాజమండ్రి. ఈ మాట అర్థం కావడానికి మేం కురుక్షేత్రం దాకా పోనక్కర్లేదు. కందుకూరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారు. వితంతువులకు మళ్లీ పెళ్లి చేయడం శాస్త్రసమ్మతమేనని రాశారు, సభల్లో వాదించారు. జనం విన్నారు, ఎదురు వాదించారు, తిట్టారు. ఊరు నిజంగా కదిలిపోయింది మాత్రం 1881 డిసెంబరు 11న, ఆయన తన ఇంట్లోనే మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు. కులం వెలివేసింది. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చారు, తానే వండి పెట్టారు.

ఆ ఇంటి కథలో నాకు అందరికన్నా ఎత్తుగా కనిపించేది ఆమే. సలహా ఇచ్చేవారికి ఖర్చేమీ ఉండదు, అదంతా వినేవారి నెత్తినే పడుతుంది. ఆచరించేవారు ఆ ఖర్చు ముందు తమ ఇంట్లో భరించాలి. మన ఇళ్లల్లో అది చాలాసార్లు వంటింట్లో ఉన్న మనిషి మీదే పడుతుంది. ఆమె కాదని ఉంటే, ఆయన ఎంత రాసినా ఆ రోజు విస్తళ్లు లేచేవి కావు. గీత చెప్పిన శ్రేష్ఠులు ఎవరని పిల్లలు అడిగితే రాజులనూ గురువులనూ పక్కన పెట్టి నేను ముందు ఆమె పేరే చెబుతాను.

అయిదో అధ్యాయంలో, పండితుడి చూపుకు బ్రాహ్మణుడూ ఆవూ ఏనుగూ కుక్కా సమానమేనని చెబుతుంటే, ఒకరోజు ఒక పిల్ల లేచింది.

"మరి మా ఇంట్లో పనమ్మాయికి గ్లాసు వేరే ఎందుకు మామ్మగారూ?"

పిల్లను తీసుకెళ్లడానికి వచ్చిన తల్లి గుమ్మంలో నిలబడి విన్నది. నేనేమీ వ్యాఖ్యానం చేయలేదు. మర్నాటి నుంచి ఆ ఇంట్లో పనమ్మాయికి అందరూ తాగే గ్లాసులోనే టీ ఇచ్చారు. అత్తగారు ఆ గ్లాసులు ముట్టనన్నారు. కోడలు చాలా మాటలు పడింది, కానీ వెనక్కి తగ్గలేదు. చివరికి వేరే గ్లాసు అత్తగారికే పెట్టారు. ఈమధ్య ఆదివారాలు ఆ పిల్ల తండ్రి కూడా తానే టీ పెట్టి, పనమ్మాయికి తన చేత్తో గ్లాసు అందిస్తున్నాడట.