దానం చేశామా? బాకీ తీర్చామా?

గీత మూడో అధ్యాయం మీద మొన్న చేసిన వీడియో చూసి మీలో చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు: "అన్నా, జీతంలో ఎంత దానం చెయ్యాలి?" జవాబు చెప్పేముందు నేను చేసిన తప్పొకటి చెప్పాలి.

రెండేళ్ల కిందట చలికాలంలో హైదరాబాద్‌లో ఒక ఫ్లైఓవర్ కింద మన ఛానల్ తరఫున దుప్పట్లు పంచాం. కెమెరా కూడా పట్టుకెళ్లాం. ఒక పెద్దాయనకి దుప్పటి ఇస్తూ "ఇటు చూడు తాతా" అన్నాను. ఆయన చెయ్యి చాపలేదు. తలకి చుట్టుకున్న తువ్వాలు ముఖం మీదకి లాక్కుని పక్కకి తిరిగిపోయాడు. "ఫోటో వద్దు బాబూ, మా ఊరోళ్లు చూస్తే..." అని ఆగిపోయాడు. దుప్పటి ఆయన పక్కన పెట్టి వచ్చేశాను. ఆ ముక్క కట్ చేసి మిగతాది పెట్టాం. లైకులు బాగానే వచ్చాయి. నాకు మాత్రం కళ్లు మూసుకుంటే ఆ తువ్వాలే కనిపించేది.

తర్వాత వచ్చిన రంజాన్‌లో ఒకరోజు మా పై ఫ్లోర్‌లో ఉండే భాయ్‌సాబ్ ఇంటికి వెళ్లాను. ఆయన కాగితాలు, కాలిక్యులేటర్ ముందేసుకుని కూర్చున్నారు. "ఏంటి భాయ్, ఇన్‌కమ్ ట్యాక్సా?" అన్నాను. "కాదు, జకాత్ లెక్క" అన్నారు.

ఇస్లాంలో జకాత్ ఐదు మూల విధుల్లో ఒకటి. బంగారం, వెండి, చేతిలోనూ బ్యాంకులోనూ ఉన్న డబ్బు, అమ్మకానికి పెట్టిన సరుకు లెక్కలోకి వస్తాయి. వెంటనే తీర్చాల్సిన అప్పులు తీసేస్తారు. మిగిలింది ఒక పరిమితి దాటి, చాంద్రమానం ప్రకారం ఏడాది గడిస్తే అందులో నూటికి 2.5 ఇచ్చెయ్యాలి. లక్షకి 2,500. ఆ పరిమితిని నిసాబ్ అంటారు. మన దేశంలో మామూలుగా సుమారు 87 గ్రాముల బంగారం లేదా 612 గ్రాముల వెండి విలువని లెక్కగా తీసుకుంటారు. ఎవరికి చెందాలో కూడా ఖురాన్ చెప్పింది: పేదలు, అప్పుల్లో మునిగినవాళ్లు, దారిలో చిక్కుకున్న ప్రయాణికులు, ఇలా ఎనిమిది రకాలవాళ్లు. సొంత తల్లిదండ్రులకీ పిల్లలకీ జకాత్ ఇవ్వకూడదు. వాళ్లని పోషించడం ఎలాగూ మన బాధ్యతే కదా!

"ఎవరికిస్తున్నారు?" అని అడిగాను. పేరు చెప్పలేదు. "నేనిచ్చేదేముంది? అది వాళ్ల హక్కు. ఇన్నాళ్లూ నా దగ్గరుంది, చేరవేస్తున్నా. అంతే" అన్నారు. ఇచ్చి దెప్పిపొడిస్తే, ఎదుటివాడి మనసు నొప్పిస్తే ఆ దానం వ్యర్థమని వాళ్ల గ్రంథం చెబుతుందట.

ఇంటికొచ్చి గీత తెరిచాను. మూడో అధ్యాయం 12వ శ్లోకం. దేవతలు ఇచ్చినదాన్ని తిరిగి అర్పించకుండా తానే అనుభవించేవాణ్ని కృష్ణుడు ఏమన్నాడో తెలుసా? పిసినారి అనలేదు. దొంగ అన్నాడు! సొత్తు ఇంకొకరిదైతేనే కదా ఆ మాట వాడతాం. ఆ శ్లోకం ఎన్నిసార్లు చెప్పుంటానో! భాయ్‌సాబ్ మాట విన్నాకే అది నాకు తగిలింది. రెండు మతాలూ ఒకటేనని తేల్చెయ్యడం లేదు నేను. పూజ వేరు, లెక్కా వేరు. జకాత్‌కి శాతం ఉంది, గీతలో శాతం లేదు. కానీ మన దగ్గరున్నదంతా మనదే కాదు అన్నచోట మాత్రం ఇద్దరూ గట్టిగా నిలబడ్డారు.

పదిహేడో అధ్యాయంలో దానం మూడు రకాలు. తిరిగి మనకేమీ చెయ్యలేనివాడికి, ఇవ్వడం ధర్మం కాబట్టి, తగిన చోట, తగిన వేళ ఇచ్చేది సాత్త్వికం. ప్రతిఫలం కోసం ఇచ్చేది రాజసం. చిన్నచూపుతో, అవమానిస్తూ ఇచ్చేది తామసం. నా దుప్పట్లని ఇందులో పెట్టి చూసుకున్నాను. లైకుల కోసం ఇచ్చింది రాజసం. "ఇటు చూడు తాతా" అన్నది తామసం. ఇక మిగిలిందేంటి?

తైత్తిరీయోపనిషత్తులో చదువు పూర్తయిన శిష్యుడికి గురువు చెప్పే మాటల్లో ఒకటి: ఇచ్చేటప్పుడు శ్రద్ధతో ఇవ్వు, సిగ్గుపడుతూ ఇవ్వు. సిగ్గు ఇచ్చేవాడికి ఉండాలట! ఆ రోజు నేను పడాల్సిన సిగ్గు ఆ పెద్దాయన పడ్డాడు.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. ఎంత అన్నది మీ అప్పులు, ఈఎంఐలు, ఇంటి అవసరాలు చూసుకుని మీరే నిర్ణయించుకోండి. కానీ జీతం పడిన రోజే పక్కన పెట్టండి. నెలాఖరులో మిగిలితే ఇద్దామనుకుంటే మిగలదు, నాకెప్పుడూ మిగల్లేదు. డబ్బు లేదంటారా? ఇస్లాంలో జకాత్ కాకుండా సదఖా అని స్వచ్ఛందంగా చేసేది ఉంది. దారిలో ముల్లు తీసెయ్యడం, తోటివాణ్ని చిరునవ్వుతో పలకరించడం కూడా అందులోకే వస్తాయి. మీకు లెక్కలొస్తే వాచ్‌మన్ కూతురికి వారానికో గంట చెప్పండి. ఇంగ్లీషొస్తే ఆసుపత్రిలో ఫారం పట్టుకుని దిక్కులు చూస్తున్న అమ్మకి నింపిపెట్టండి. ఆ చదువు కూడా మన ఒక్కరి కోసం దేవుడిచ్చింది కాదు.

ఆ వీడియో తీసేశాను. ఫ్లైఓవర్ కిందకి మళ్లీ వెళ్లాను, పెద్దాయన కనపడలేదు. క్షమించమని అడగాలనుకున్నాను, కుదరలేదు. ఈ చలికాలం కూడా దుప్పట్లు పంచుతాం. రాగలిగినవాళ్లు రండి, ఫోన్లు మాత్రం జేబుల్లోనే ఉండాలి. దాని మీద వీడియో రాదు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.