ఎక్కిన గేర్లోనే దిగాలా?

చేనిదారికీ కొండదారికీ కొనే బండిలో గేర్లు మనం వేసుకునేవి కావాలా, బండే వేసుకునేది కావాలా? మెకానిక్ షెడ్డు ముందర ఒక టీ తాగేలోపు తేలిపోవాల్సిన మాట. మా ఇంట్లో మూడు నెలలుగా తేలలేదు. మాన్యువల్ అనేవాళ్ళూ ఆటోమేటిక్ అనేవాళ్ళూ గేర్ల గురించే మాట్లాడుతున్నారు గానీ ఇద్దరి కోపమూ వేరే విషయం మీద. ఆ వేరే విషయం ఏమిటో తేల్చుకుందామని ఇది రాస్తున్నాను.

పులివెందుల నుంచి లింగాల పోయే వైపు మా మేనమామకు చీనీతోట ఉంది. తారురోడ్డు వదిలాక ఒక వంక దాటాలి, ఆ తర్వాత గరుసు మిట్ట ఒకటి ఎక్కి దిగాలి. పాత జీపు పని అయిపోయింది. మామకు అరవై ఎనిమిదేళ్ళు. ఎడమ మోకాలు అరిగింది, అంటే క్లచ్ తొక్కే కాలు. తోట ఇప్పుడు ఆయన కూతురు చూసుకుంటోంది. ఆమెకు స్కూటీ వచ్చు, క్లచ్ రాదు. మా అత్తకు ఏ బండీ రాదు, కానీ రాత్రిపూట ఉన్నట్టుండి ఆస్పత్రికి పోవాల్సి వచ్చేది ఆమెకే. ఇంట్లో పుస్తకాలు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, ప్రొద్దుటూరు నుంచి నన్ను పిలిపించి అభిప్రాయం అడిగారు. పుస్తకాలకూ జీపులకూ ఏం సంబంధమో ఎవరూ అడగలేదు.

ఈ ప్రశ్న మా వైపు కొత్తది. కమాండర్ జీపుల కాలంలో ఇది లేదు. 2010లో వచ్చిన మొదటి థార్‌లోనూ లేదు, అందులో చేతిగేర్లు తప్ప వేరేవి ఇవ్వలేదు. 2020 అక్టోబరు 2న వచ్చిన రెండో తరం థార్‌లో ఆరు గేర్ల మాన్యువలూ ఉంది, ఆరు గేర్ల ఆటోమేటిక్కూ ఉంది. 2023లో జిమ్నీ వచ్చినప్పుడు మాన్యువల్‌కు ఐదు, ఆటోమేటిక్‌కు నాలుగు. అప్పటిదాకా ఫోర్ బై ఫోర్ అంటే క్లచ్ తొక్కడం వచ్చినవాడి బండి, అంతే.

మా మామ 1990లలో జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెలకు బాడుగ జీపు తోలినాయన. తోలడం అనే మాట కావాలనే వాడుతున్నాను. కోస్తా వాళ్ళు బండి నడుపుతారు, మేం తోలుతాం. ఎద్దుల్ని తోలినట్టే జీపునీ తోలుతాం. ఆ మాటలో ముందర ఒక జంతువు ఉంది, దానికి ఒక ఇష్టం ఉంది, వెనకనుంచి దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఉన్నాడు. ఆటోమేటిక్ బండిని తోలుతారా, నడుపుతారా అన్నది నాకు ఇంకా తేలలేదు.

ఆయన జీపులో లోపల పదిమంది, వెనక వేలాడేవాళ్ళు నలుగురు, పైన శెనక్కాయల మూటలు. ఎర్రమల కొండల వైపు దిగుడుదారుల్లో ఆయన సూత్రం ఒక్కటే: "ఎక్కిన గేర్లోనే దిగల్ల." రెండో గేర్లో ఎక్కిన మిట్టను రెండో గేర్లోనే దిగాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో వదిలేవాళ్ళను ఆయన మనుషుల కింద లెక్కవేయడు. ఇంజను పట్టి ఉంచితే బ్రేకు మీద భారం పడదు. అదేపనిగా బ్రేకు తొక్కుతూ దిగితే అది కాలి, సరిగ్గా అవసరమైన చోట పట్టదు. వెనకున్న పద్నాలుగు మంది ప్రాణాలు ఈ చిన్న లెక్కమీద నిలబడి ఉండేవి.

ఇక నేల సంగతి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మధ్య పెన్నలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఇసుకలో గేరు మార్చడానికి క్లచ్ తొక్కిన ఆ అర క్షణంలోనే బండి ఊపు పోయి కూరుకుపోతుంది. ఆటోమేటిక్‌కు ఆ తెగింపు ఉండదు, తోస్తూనే ఉంటుంది. అక్కడ దానికి ఎదురులేదు. అయినా టైర్లలో గాలి తగ్గించుకోనివాడికి ఏ గేరుబాక్సూ సాయం చేయదనుకోండి.

జమ్మలమడుగు చుట్టూ ఉన్న నల్లరేగడి వేరే కథ. వాన పడిన మర్నాడు టైరు గాళ్ళన్నీ బంకమట్టితో నిండి చక్రం నున్నటి గుండులా అవుతుంది. అక్కడ కావలసింది బలం కాదు, మెత్తదనం. క్లచ్ గభాలున వదిలితే చక్రం ఉత్తగా తిరిగి ఇంకా లోపలికి తవ్వుకుంటుంది. ఆటోమేటిక్‌లో ఇంజనుకూ గేర్లకూ మధ్య ఉండేది నూనె కాబట్టి బలం మెల్లగా దిగుతుంది. కానీ ఉత్తగా తిరిగే చక్రాన్ని చూసి బండి ముందుకు పోతోందనుకుని పై గేరు వేసుకునే ఆటోమేటిక్‌లూ ఉన్నాయి. మెత్తగా తొక్కడం వచ్చినవాడికి ఇక్కడ చేతిగేరూ తక్కువేమీ కాదు.

రాళ్ళ దారిలో ఎక్కుడు ఒకటి, దిగుడు ఒకటి. ఎక్కేటప్పుడు మాన్యువల్‌కు మూడు పెడళ్ళు, మనకేమో రెండు కాళ్ళు. రాయి ముందు ఆగి, హాఫ్ క్లచ్‌లో పట్టి, బండి వెనక్కి జారకముందే ఇంజను ఆగిపోకుండా ఎక్కించాలి. ఒకటికి నాలుగుసార్లు అట్లా పడితే క్లచ్ ప్లేటు వాసన ఊరంతా తెలుస్తుంది. ఆటోమేటిక్‌లో ఒక కాలు బ్రేకు మీద, ఒక కాలు యాక్సిలరేటరు మీద పెట్టి చీమలా ఎక్కవచ్చు. దిగేటప్పుడు తిరగబడుతుంది. లో రేంజి మొదటి గేర్లో మాన్యువల్ పట్టినంత గట్టిగా, నూనె మీద నడిచే ఆటోమేటిక్ పట్టలేదు. కాస్త జారుతుంది.

ఇన్ని లెక్కలు చెప్పినా మామ "గేరు లేని బండి ఆడోళ్ళ బండి" అనేశాడు. చరిత్ర ఆయన పక్షాన లేదు. కార్లలో అమ్ముడైన తొలి పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సు హైడ్రామాటిక్ 1939లో అమెరికాలో వచ్చింది. మూడేళ్ళకే, 1942లో, రెండు కాడిలాక్ ఇంజన్లతో పాటు దాన్ని ఎమ్ 5 స్టువర్టు అనే యుద్ధట్యాంకులో పెట్టారు. బురదలోనూ గుండ్లవానలోనూ తిరిగిన యంత్రం అది. అయినా మా సీమలో బండికీ మీసానికీ ముడి పడి ఎంతో కాలమైంది. సినిమావాళ్ళు టాటా సుమోలను గాల్లోకి లేపి ఆ ముడిని ఇంకా బిగించారు. మా ఊళ్ళలో ఆ సుమోలు ఎక్కువగా మోసింది పెళ్ళివాళ్ళనూ కాన్పులకు పోయేవాళ్ళనూ అని ఏ సినిమాలోనూ చూపించలేదు.

అమెరికా రచయిత మాథ్యూ క్రాఫర్డ్ 2020లో బండి తోలడం గురించి ఒక పుస్తకమే రాశాడు. యంత్రాలు మన చేతిలోని పనితనాన్ని తీసుకుపోతుంటే దాంతోపాటు స్వేచ్ఛా, బాధ్యతా కూడా పోతాయని ఆయన వాదన. అందులో నిజం ఉంది. కానీ ఆ వాదన స్టీరింగు ముందు కూర్చున్న మనిషి వైపునుంచి చేసినది. వెనక కూర్చున్న మనిషి వైపునుంచి చూస్తే లెక్క మారుతుంది. మామ నేర్పు ఆయన కోసం పుట్టింది కాదు. ఆ పద్నాలుగు మందిని క్షేమంగా దించడం కోసం పుట్టింది. వాళ్ళను అంతే క్షేమంగా దించే వేరే ఏర్పాటు వస్తే, ఆ నేర్పుకు అడ్డుచెప్పే హక్కు ఉందా? ఒక మనిషి నేర్పును గౌరవించడం వేరు, ఆ నేర్పు మీద ఇంటిల్లిపాదీ ఆధారపడి బతకాలనడం వేరు. ఈ మాట మామ ముఖం మీద చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది.

భారతంలో, అరణ్యపర్వంలో నలుడి కథ ఉంది కదా. బాహుకుడి రూపంలో ఉన్న నలుడు ఋతుపర్ణుడి రథం తోలుతున్నాడు. ఇతనికి గుర్రాల మనసు తెలుసు, ఆయనకు లెక్కల మర్మం తెలుసు. దారిలో రాజు ఒక తాండ్రచెట్టును చూసి ఆకులెన్నో, కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. రథం ఆపేసి లెక్కపెట్టి చూస్తానంటాడు. పొద్దున్నే విదర్భ చేరాలని రాజుకు తొందర. కావాలంటే వార్ష్ణేయుణ్ణి తోలుకుపొమ్మను అంటాడు నలుడు. నీలాంటి సారథి ఇంకొకడు లేడు, నువ్వే రావాలి అని రాజు బతిమాలుకుంటాడు. నలుడు అశ్వవిద్య ఇచ్చి అక్షవిద్య తీసుకున్నాడనీ, అప్పుడే కలి వదిలిపోయాడనీ అందరూ గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం ఆ బతిమాలుకోవడం దగ్గర కాలు ఆగుతుంది. సాక్షాత్తు అయోధ్య రాజు, నడిదారిలో, తోలేవాడు ఒక్కడే కావడం వల్ల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాత్రి పదకొండుకు మా అత్తకు ఆయాసం వస్తే, మామ మోకాలు ఆరోజు మంచిగా ఉందో లేదో చూసుకోవాల్సిన ఇల్లు కూడా అలాంటిదే.

అయితే మామ దగ్గర ఒక మాట ఉంది. దాన్ని నేను పక్కన పెట్టలేను. "ముందర ఏముండాదో బండికి తెలుస్తాదా అల్లుడా?" అన్నాడు. తెలియదు. బండి కంప్యూటరుకు వేగం తెలుసు, మన కాలు ఎంత తొక్కిందో తెలుసు, ఇంజను మీద ఎంత భారం పడుతోందో తెలుసు. అన్నీ జరిగిపోయినవే. పది అడుగుల అవతల ఉన్న రాయి దానికి కనబడదు. తోలేవాడు రాయిని చూసి, దాన్ని చేరకముందే గేరు దించుతాడు. ఆటోమేటిక్‌లోనూ ఎమ్‌లో పెట్టి మనం గేరు పట్టి ఉంచవచ్చు. కానీ ఎప్పుడు పట్టి ఉంచాలో తెలియాలి. క్లచ్‌తో నేర్చుకున్నవాడికి ఆ అవసరం కాలికి తెలుస్తుంది. మొదటినుంచీ ఆటోమేటిక్ మీదే నేర్చుకున్నవాళ్ళకు అక్కడ తెలుసుకోవాల్సింది ఒకటి ఉందనే తెలియకపోవచ్చు. ఆటోమేటిక్ మీద నాకున్న భయం అదొక్కటే. అది పని తీసుకుపోతుందని కాదు, ఏ పని తీసుకోలేదో చెప్పకుండా ఊరుకుంటుందని.

అది కళ్ళారా చూశాం. తెలిసినవాళ్ళ ఆటోమేటిక్ అడిగి తెచ్చి తోట దారిలో మరదలు తోలింది. ఎక్కడం నల్లేరు మీద బండి నడక. దిగేటప్పుడు డీలోనే వదిలి, బ్రేకు తొక్కిన కాలు తీయలేదు. సగం దిగేసరికి, "బావా, ఏందో కాలిన వాసన వస్తాంది" అంది. పక్క సీట్లో మామ ఏమీ అనలేదు. కిందికి పోయాక బండి ఆపించి, చల్లారేదాకా కూర్చోబెట్టి, మళ్ళీ పైకి పొమ్మన్నాడు. పైన ఫోర్ బై ఫోర్ లివరు తనే లాగి లోలో వేశాడు. ఆటోమేటిక్ థార్‌లో కూడా ఆ లివరు చేత్తో వేయాల్సిందే, దాన్ని బండికి వదిలిపెట్టలేదు. "ఎమ్‌లో పెట్టి ఒకటికి దించు. కాలు తియ్" అన్నాడు. దిగింది. మాన్యువల్ అంత బిగువుగా కాదు, మధ్యలో రెండుసార్లు బ్రేకు తాకాల్సి వచ్చింది. వాసన రాలేదు.

"అంటే ఎక్కిన గేరు ఏదో నాకు తెలిసుండల్ల, అంతేనా నాయినా?" అని అడిగింది. మామ అవుననలేదు, కాదనలేదు. ఇంజను శబ్దం ఇంకో రకంగా ఉండాదని మాత్రం గొణిగాడు.

నా అభిప్రాయం ఆటోమేటిక్. ముగ్గురు తోలగలిగితే, ఒక్కడు గొప్పగా తోలడం కంటే ఆ ఇంటికి అది మేలు. అట్లాగని పోయేది ఏమీ లేదని నేను చెప్పను. బాగా దిగుడున్న చోట మాన్యువలే మేలు, అదీ పోతుంది. వానకు తడిసిన మిట్టమీద పాదంతో నేలను చదివే ఆ విద్య మామతో ఆగిపోతుంది. రాసిపెట్టుకునేది కాదు అది, పక్క సీట్లో కూర్చుని సగం మాత్రం అందించేది. అవసరం తీరిన నేర్పును బతికించి ఉంచాల్సిన బాధ్యత పిల్లలకు ఉందా అని అడిగితే, లేదనే అంటాను. కానీ ఆ జవాబు ఆయన ఎదురుగా కూర్చుని చెప్పడం సులువు కాదు.

బండి ఇంకా బుక్ చేయలేదు. చీనీకాయలు మోసే ట్రాక్టరు ఉంది, దానికి గేర్లన్నీ చేత్తోనే. మోకాలు నొప్పి ఉన్నరోజు కూడా దాని తాళం మామ ఇంకెవరికీ ఇవ్వడు.