అమ్మబోతే అడవి

బేరమాడకుండా వస్తువు కొనుక్కొచ్చిన మనిషిని మనవాళ్ళు అమాయకుడంటారు. వంద చెబితే నలభై దగ్గర మొదలుపెట్టి, రెండుసార్లు వెళ్ళిపోతున్నట్టు నటించి, మూడోసారి వెనక్కి పిలిపించుకుని అరవైకి పట్టుకొచ్చినవాడు ఆ రోజు ఇంట్లో వీరుడు. ఆ నలభై రూపాయల మిగులు కథ నాలుగిళ్ళలో చెప్పుకుంటేగానీ తిన్నది అరగదు.

ఇందులో తప్పేముందంటారా? బేరంలో ఏమీ లేదు. ఎవరితో ఆడుతున్నామన్నదే నా సందేహం. సినిమా హాల్లో మొక్కజొన్న పేలాల పొట్లానికి వాడు చెప్పిందే వేదం. చెప్పుల దుకాణంలో 999 అని అచ్చేసిన చీటీని భక్తితో చదువుకుని డబ్బు కట్టేస్తాం. అదే కొండపల్లి బొమ్మలు ముందేసుక్కూర్చున్న మనిషి కనబడితే చాలు, మనకి అర్థశాస్త్రం ఆవహిస్తుంది. అచ్చు చీటీతో వాదించలేం, మనిషితో అయితే వాదించగలం. చేసినవాడే ఎదురుగా కూర్చుని అమ్ముకోవడం అతని నేరమై కూర్చుంది.

ఆ బొమ్మ ఊరికే పుట్టదు. తెల్ల పొణికి కర్ర తేవాలి. అదిప్పుడు అడిగిన వెంటనే దొరికే సరుకు కాదు. తెచ్చి ఆరబెట్టి, సెగ చూపించి, తడి పోగొట్టాలి. కాళ్ళు, చేతులు, తొండం, అంబారీ ఏ ముక్కకాముక్క చెక్కాలి. చింతగింజల పిండీ, రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతకాలి, సున్నం పూత పెట్టాలి, అది ఆరాక రంగులు. మనం పది రూపాయల తగ్గింపు కోసం పోరాడేసరికి ఇవన్నీ అయిపోయి ఉంటాయి. ఆ పది రూపాయలు కర్ర ఖరీదులోంచి పోవు, రంగు డబ్బాలోంచి పోవు. వాటి ధర ముందే చెల్లించేశాడు కదా. పోతే అతని కూలిలోంచే పోవాలి.

ఇదంతా విని, ‘అయ్యో పాపం, పేదవాళ్ళు, ఒకటి కొందాం’ అనుకుంటే అదీ నాకు నచ్చదు. జాలిపడి కొన్న బొమ్మ అటకెక్కుతుంది. కొన్నవాడికి పుణ్యం వచ్చింది కాబట్టి రెండోసారి కొనక్కర్లేదు. పైగా, నువ్వు చేసిన పనికి విలువ లేదు, నీ లేమికి మాత్రమే విలువ ఉందని ఒక పనివాడికి మొహం మీద చెప్పడం మర్యాదేనా?

మరి న్యాయమైన ధర ఏది? గాంధీగారు ఈ ప్రశ్నతోనే తన వాళ్ళని ఇరుకున పెట్టారు. 1925లో అఖిల భారత చరఖా సంఘం పెట్టారు. పదేళ్ళు ఖద్దరు అమ్మాక, వడికే ఆడవాళ్ళకి దక్కుతున్నది మరీ హీనమైన కూలి అని, 1935లో ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు ఇవ్వాలన్నారు. కూలి పెంచితే ఖద్దరు ఖరీదు పెరుగుతుంది, కొనేవాళ్ళు తగ్గుతారని ఖద్దరు కార్యకర్తలే గోల పెట్టారు. ఎనిమిది అణాలదాకా పోలేదుగానీ కూలి పెంచారు, గుడ్డ ధరా పెరిగింది.

ఆ కార్యకర్తల భయాన్ని మాత్రం నేను తీసిపారేయలేను. శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్న ఖద్దరు సంగతే చూడండి. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఏకులు పాడవకుండా ఎండిన అరటి దొప్పలో దాచుకుంటారు. నూరో నెంబరు నూలు చేత్తో వడుకుతారు. అలా వడికే అమ్మ ఆ పంచె తన ఇంట్లో ఎవరికైనా కొనిపెట్టగలదా? ధర పెంచితే ఆమె కూలి పెరుగుతుంది, కానీ కొనే చేతులు తగ్గి, పక్కింటావిడ రాట్నం ఆగిపోనూవచ్చు. ఒకరికి న్యాయం చేస్తే ఇంకొకరికి పనే లేకపోవడం! దీనికి సులువైన జవాబు చెప్పేవాళ్ళని నేను నమ్మను.

నాకు తోచేదేమిటంటే, మనం ధర ఒక్కటే పట్టుకు వేలాడుతున్నాం. అసలు బరువు ఇంకోచోట ఉంది. ముసురు పట్టి మగ్గం గుంటలో నీరూరినప్పుడు, కర్ర ఆరనప్పుడు ఇల్లు గడిచేదెలా? అప్పుడు చేబదులిచ్చేది మనం నోరారా తిట్టే దళారీయే. ఆ అప్పు చేతిలో పెట్టి, రేపటి సరుకు ధర ఇవాళే తేల్చేస్తాడు. సరుకు తీసుకుని, ‘అమ్ముడుపోయాక ఇస్తాం లెండి’ అనే పెద్దమనుషుల దుకాణాలు ఇంకో రకం. గోడ మీద చేతివృత్తుల మీద ప్రేమ రాసుంటుంది, డబ్బుకి మాత్రం ఆర్నెల్లు తిప్పుతారు. ధరలో పైసా తగ్గించరు సుమండీ, కాలంలో కోసుకుంటారు. ఆర్నెల్ల వడ్డీ లెక్క కట్టి చూడండి, మన సంతబేరమే నయమనిపిస్తుంది.

1946లో అమెరికాలో ఎడ్నా రూత్ బైలర్ అనే ఆవిడ ప్యూర్టోరికో ఆడవాళ్ళు కుట్టిన గుడ్డలు తెచ్చి తెలిసినవాళ్ళకి అమ్మడం మొదలుపెట్టింది. ఇలాంటి ప్రయత్నాలన్నీ కలిసి న్యాయ వాణిజ్యం అనే ఉద్యమమయ్యాయి. ప్రపంచ న్యాయ వాణిజ్య సంస్థ పది సూత్రాలు పెట్టుకుంది. వాటిలో పెద్దపెద్ద మాటలు చాలా ఉన్నాయిగానీ, నాకు నచ్చింది చిన్న షరతు ఒకటి: చేతిపనివాళ్ళు అడిగితే, ఆర్డరు విలువలో కనీసం సగం వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి. ఈ షరతు పెట్టినాయన ఎవరోగానీ, ఎదురుచూడటం ఎంత ఖరీదైన పనో తెలిసినవాడు.

దీనికి మనం వ్యాపార సంస్థలమై ఉండక్కర్లేదు. సంక్రాంతి బొమ్మల కొలువుకి దశావతారాలు కావాలనుకోండి. పండగ ముందురోజు దుకాణం మూసేవేళకి వెళ్ళి, ‘మిగిలిపోతే ఏం చేసుకుంటావయ్యా’ అని బెదిరించే బదులు, శ్రావణంలోనే సగం డబ్బు చేతిలో పెట్టి చెప్పిరావచ్చు. అప్పుడు కావలిస్తే బేరం కూడా ఆడండి. చేతిలో డబ్బున్న మనిషి ‘గిట్టదండీ’ అని ధైర్యంగా అనగలడు.