చక్రాల లెక్క

తప్పు తనదైనప్పుడే మనిషికి కోపం ఎక్కువ వస్తుంది. ఆమధ్య మా మేనల్లుడి మీద నాకు అలాంటి కోపమే వచ్చింది.

నా నవల ఒకదానిలో 1948 సెప్టెంబరు నాటి ఘట్టం ఉంది. యూనియన్ సైన్యాలు వస్తున్నాయని తెలిసి ఊరు ఊరంతా బాట మీదికొచ్చి నిలబడుతుంది. దూరాన దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములోంచి ఒక పాటన్ ట్యాంకు బయటికి వస్తుంది. ఆ పేజీ చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నామని ఉత్తరాలు రాసినవాళ్లున్నారు. కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న మా అన్న కొడుకు మాత్రం పుస్తకం బోర్లా పెట్టి, "అత్తమ్మా, ఇండ్ల పాటన్ ఎట్లొచ్చింది?" అన్నాడు.

"ఎట్లా రావడమేమిట్రా, రోడ్డు మీద వచ్చింది."

"1948ల మన ఫౌజు దగ్గర పాటన్ ఎక్కడిది? అది తర్వాత అమెరికా వాళ్లు పాకిస్తాన్‌కు ఇచ్చిన ట్యాంకు. 1965ల అసల్ ఉత్తర్ దగ్గర అబ్దుల్ హమీద్ జీపు మీది తోపుతోని పేల్చింది గవే. నువ్వు రాసిన కాలానికైతే షెర్మన్ ఉండాలె."

నేను బి.ఏ. చదివినదాన్ని. నాకు ట్యాంకంటే మొదట మంచినీళ్ల ట్యాంకు, ఆ తర్వాత ట్యాంక్‌బండు. మన పాత ఇంగ్లీషు రికార్డుల్లో చెరువుకు రాసిన మాట ట్యాంకే కదా. ఆ మాట గుజరాతీలోంచి పోర్చుగీసు వాళ్ల నోట పడి సీమకు పోయిందనే పండితులు కూడా ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ యంత్రాన్ని రహస్యంగా తయారుచేస్తూ, నీళ్లు మోసే తొట్లని చెప్పి జనాన్ని నమ్మించారట బ్రిటిషువాళ్లు. ఆ దొంగపేరే ఖాయమైపోయింది. 1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధభూమిలో అది మొదటిసారి కదిలినప్పుడు ఒక్కోదాని పొట్టలో ఎనిమిది మంది ఉన్నారు. ఇంజను కూడా వాళ్ల మధ్యనే. ఆ వేడికీ పొగకూ లోపలి వాళ్లు సొమ్మసిల్లి పోయేవాళ్లట. నీళ్ల తొట్టి అని పేరు పెట్టుకున్నదాంట్లో మనుషులు దాహంతో ఎండిపోయారన్నమాట.

ఇదంతా తర్వాత వాడి దగ్గరే తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం, "యుద్ధమంటే చక్రాల లెక్కనుకున్నావా?" అని కసిరాను.

వాడి గదికి వెళ్తే నిజంగానే అది చక్రాల లెక్క. చదువుల పుస్తకాలు మంచం కిందికి పోయాయి. బల్ల నిండా ప్లాస్టిక్ ముక్కలు, వెంట్రుక వాసి కుంచెలు, జిగురు సీసాలు. కిట్టు తెప్పించుకుని వందల ముక్కలు కత్తిరించి, అరగదీసి, అంటించి, రంగు వేసి జానెడు ట్యాంకు చేస్తాడు. అసలుదానిలో ముప్పై అయిదో వంతు. ముప్పై అయిదే ఎందుకురా, ముప్పయ్యో నలభయ్యో కాకుండా అంటే, దానికీ ఒక కథ ఉంది. 1960ల మొదట్లో జపాన్‌లో టామియా కంపెనీ వాళ్లు జర్మన్ల పాంథర్ ట్యాంకును బొమ్మగా చేశారట. లోపల మోటారూ రెండు బ్యాటరీలూ పట్టేంత సైజు పెట్టారు. తర్వాత కొలిచి చూసుకుంటే అది సుమారు ముప్పై అయిదో వంతని తేలింది. అదే లోకమంతా కొలత అయి కూర్చుంది. టార్చిలైటు బ్యాటరీ కొలతకు సరిపడా యుద్ధం!

వీడి స్నేహితులిద్దరు వస్తారు. ముగ్గురూ కూర్చుంటే, టీ-55కు మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య సందు ఎక్కువ, టీ-62కు వెనక చక్రాల మధ్య ఎక్కువ అని ఒక గంట. మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యే 'శరత్' బండి నీళ్లలో తేలుతుందే, దాని పచ్చరంగు ఏ పచ్చ అని ఇంకో గంట. ఒక బోల్టు తప్పుగా ఉందని పది రోజుల పని చెత్తబుట్టలో పడేస్తారు. ఇలాంటివాళ్లను రివెట్లు లెక్కపెట్టేవాళ్లని ఆ ప్రపంచంలోనే ఎగతాళి చేస్తారట. అది వాళ్లకు బిరుదులా ఉంది!

నాకు లోపల ఎక్కడో గుచ్చుకునేది. కత్తిపిడి మీది లతలు చూసి మురిసేవాడికి ఆ కత్తి పదును ఎందుకో గుర్తుంటుందా? తెలుసుకోవడంలో తప్పులేదు. కానీ చంపే యంత్రాన్ని ఇంత ప్రేమగా తెలుసుకోవచ్చునా?

ఆ సందేహం తోడుగా ఒకసారి వాణ్ణి వెంటబెట్టుకుని జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా నిర్మల్ వెళ్లాను. బొమ్మలు కావాలంటే పొణికి కర్ర బొమ్మలున్నాయి కదా, చూస్తే మనసు మారుతుందేమోనని ఆశ. తేలిక కర్ర. ముక్కలు చెక్కి, చింతగింజల జిగురుతో అతికి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, రంగులేస్తారు. సీతాఫలం చేస్తే చీమ మోసపోవాలి. వీడు ఆ అతుకుల కోసం వెతికి, కనబడక ఓడిపోయి, నోరు తెరిచాడు. "ట్యాంకు చేస్తరా అన్నా?" అని అడిగాడు ఒక పనివాణ్ణి. "ఎవలు కొంటరు తమ్మీ? సీతాఫలమైతే పోతది" అని, నాలుగు కర్రముక్కలు ఊరికే ఇచ్చి పంపాడాయన. ఎంత మంచి ఊరు అనుకున్నాను. అంతలోకే మావాడు, "అత్తమ్మా, ఒకప్పుడు తోపులు పోతపోసిన ఊరు కూడ ఇదే, ఎరుకేనా?" అన్నాడు. ఎరుకే. ఖిల్లా గోడలు ఎదురుగా కనబడుతూనే ఉన్నాయి. నా పాఠం నా మీదికే తిరిగింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను, ఇప్పుడు చేస్తున్నది ఏ ట్యాంకురా అని. సెంచూరియన్ అన్నాడు. ఆరేసి చక్రాలు అంటాడేమో అనుకున్నాను. అనలేదు. "ఫామాగుస్తా. అరుణ్ ఖేత్రపాల్‌ది" అన్నాడు.

ఇరవై ఒక్క ఏళ్ల సెకండ్ లెఫ్టినెంట్. 1971 డిసెంబరు 16న బసంతర్ దగ్గర, మంటలంటుకున్న ట్యాంకు దిగి రమ్మంటే, ఫిరంగి ఇంకా పనిచేస్తోందని దిగలేదు. ఆ పరమవీరచక్ర కథ చదువుకున్నదే. తర్వాతి సంగతే నాకు తెలియదు. 2001లో అతని తండ్రి, ఎనభై దాటిన బ్రిగేడియర్, తాను పుట్టిన సర్గోధా చూసుకోవాలని పాకిస్తాన్ వెళ్లాడు. అక్కడి బ్రిగేడియర్ ఒకాయన తన ఇంట్లో పెట్టుకుని ఎంతో మర్యాద చేశాడు. ఆఖరి రాత్రి, మీ అబ్బాయి నా చేతిలోనే చనిపోయాడని చెప్పాడు. ముప్పై ఏళ్లు మోసిన మాట. ఇద్దరూ సైనికులు. ఆ తండ్రి ఆ చేతిని విదిలించుకోలేదు.

"అందుకే, చిన్న తప్పు కూడా రాకుంట చెయ్యాలె అత్తమ్మా" అన్నాడు వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ.

నాకు మాట రాలేదు. వీడు మనిషిని మరిచి ఇనుము లెక్కపెడుతున్నాడనుకున్నాను. మరి నేను చేసిందేమిటి? ఆ ఘట్టంలో నాకు కావలసింది పాఠకురాలి కన్నీళ్లు. దుమ్ములోంచి పెద్దదేదో రావాలి. పేరు గంభీరంగా ఉందని పాటన్ అన్నాను. ఏది వచ్చిందో, ఎవరు నడిపారో అడగాలని కూడా తోచలేదు. పరాయి దుఃఖాన్ని సరిగా కొలవకుండానే కోసి, నా నవలకు కుట్టుకున్నాను. వాడి జాగ్రత్త ముందు నా జాలి ఏపాటిది? ఈ ప్రశ్న నన్ను చాలారోజులు పీడించింది.

ఫామాగుస్తా పూర్తయింది. మా వెనక వీధిలో ఫౌజులో విజయంత ట్యాంకు నడిపి వచ్చిన పెద్దాయన ఉన్నాడు. నేను కాకా అంటాను. మావాడు గర్వంగా పిలుచుకొచ్చాడు. ఆయన అద్దాలు పెట్టుకుని దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. చక్రాలు చూడలేదు. రంగు చూడలేదు. ముందుభాగాన డ్రైవరు మూత దగ్గర గోరు పెట్టి మెల్లగా లేపబోయాడు.

"అంటిచ్చినవా బిడ్డా?"

"అది తెరుచుకోదు తాతా. లోపలేం ఉండదు, ఖాళీ."

"మరి వాడెట్ల ఎల్తడు?"

అన్నింటికీ జవాబున్న పిల్లవాడు నేలచూపులు చూశాడు.

కాకా నిదానంగా చెప్పాడు. కొన్ని ట్యాంకుల్లో ఫిరంగి గొట్టం సరిగ్గా ఆ మూత మీదికొచ్చి ఆగితే మూత పూర్తిగా లేవదట. బండి నడపడం కంటే ముందు బయటికి రావడం నేర్చుకోవాలట, చీకట్లో, చేత్తో తడుముకుంటూ. "ఎండకాలం రాజస్థాన్‌ల ఇనుము ముట్టరాదు బిడ్డా. అండ్లనే కూసుంటుంటిమి" అని బొమ్మను జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "మంచిగ చేసినవ్" అన్నాడు. చాయ్ చల్లారిపోయిందని నేను ఇంకోటి పెట్టి తెచ్చేలోపు వెళ్లిపోయాడు.

ఆ రాత్రి గదిలో దీపం చాలాసేపు వెలిగింది. పొద్దున చూస్తే మూత బ్లేడుతో కోసి ఉంది. ఒక మూల విరిగింది. విరిగినదాన్ని పారెయ్యలేదు. నిర్మల్ నుంచి తెచ్చుకున్న పొణికి ముక్కను చెక్కి, గింజంత కుర్చీ ఒకటి లోపల పెట్టాడు. బయటినుంచి చూస్తే అది ఎవరికీ కనబడదు.

నవల రెండో ముద్రణకు వచ్చినప్పుడు పాటన్ కొట్టేసి షెర్మన్ అని రాశాను. అక్కడితో ఊరుకోబోయి, వాణ్ణి కేకేసి అడిగాను, అందులో ఎంతమంది ఉంటారురా అని. "అయిదుగురు" అన్నాడు. ఆ అయిదుగురికీ ఊళ్లూ పేర్లూ వెతికిపెట్టేసరికి నాకు నెల పట్టింది.