అరిగిన గుడ్డకు వెల

ఈ కాలపు బట్టల దుకాణాలలో ఒక వింత బేరం జరుగుతున్నది. కొత్త గుడ్డను పనిగట్టుకొని పాతదిగా చేసి, పాతబడినందుకు అదనపు వెల కట్టి అమ్ముతున్నారు. మోకాళ్ల దగ్గర చిరిగి, తొడలమీద వెలిసి, జేబు అంచులు పీచులు తేలిన నీలి పంట్లామును కొనేవాడు దానితో ఒక్కనాడైనా మట్టిపని చేసి ఉండడు. చేయవలెనన్న కోరికా వానికి లేదు. మన పెద్దలు చిరుగు బట్టను చూచి దారిద్ర్యమని జాలిపడేవారు, లేదా అశుభమని విసుక్కొనేవారు. ఇప్పుడది సొగసు. అభిరుచులు మారడంలో ఆశ్చర్యమేమీ లేదు. కాని శ్రమపడకుండా శ్రమ గుర్తులను ఒంటిమీద ధరించడంలో దోషమేమైనా ఉన్నదా, లేక అది కేవలం అలంకారమేనా అన్నది కొంచెం నిలిచి ఆలోచించవలసిన ప్రశ్న. జీన్స్ అని లోకమంతా పిలిచే ఈ వస్త్రం పుట్టుకను తెలుసుకొంటే ఆ ఆలోచనకు కొంత ఆధారం దొరుకుతుంది.

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, రీనో అనే ఊళ్లో, జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. రీగా నగరంనుంచి వలస వచ్చినవాడు. ఒక కూలివాని భార్య అతనివద్దకు వచ్చి, తన భర్తకు తొందరగా చిరగని పంట్లాము కుట్టిపెట్టమని అడిగినది. బరువుకు కుట్లు తెగే జేబు మూలలవంటి చోట్ల అతడు రాగి రివెట్లు బిగించి ఇచ్చినాడు. అవి అంతకుముందు గుర్రపు సామానుకు వాడుతూ ఉండినవే. గిరాకీ పెరిగినది. పేటెంటుకు కావలసిన ధనం లేక, తనకు గుడ్డ అమ్మే శాన్ ఫ్రాన్సిస్కో వర్తకుడు లీవై స్ట్రాస్‌కు ఉత్తరం వ్రాసినాడు. బవేరియానుంచి వలస వచ్చిన ఆ యూదు వర్తకుడు వెంటనే అంగీకరించినాడు. 1873 మే 20వ తేదీన పేటెంటు లభించినది. ఈ కథలో నాకు ముఖ్యమనిపించేది దర్జీ నేర్పూ కాదు, వర్తకుని దూరదృష్టీ కాదు, ఆ ఇల్లాలి మాట. ఆమె కోరినది చిరగని గుడ్డ.

పేర్ల విషయం కూడా కొంత వినోదంగా ఉంటుంది. డెనిమ్ అన్న మాట ఫ్రాన్సులోని నీమ్ పట్టణంనుంచి, జీన్ అన్న మాట ఇటలీలోని జెనోవా రేవునుంచి పుట్టినవని చెప్పుతారు. పనివారి ముతక బట్టకు ఇంగ్లీషువారు వాడే డంగరీ అన్న మాట మాత్రం మన బొంబాయి డోంగ్రీ పేట ఇచ్చినదే.

ఈ గుడ్డ ఆకర్షణకు మూలం దాని నేతలో, అద్దకంలో ఉన్నది. పడుగు నీలం, పేక తెలుపు. ఏటవాలుగా నేయడంచేత నీలం ముఖానికి, తెలుపు వీపుకు వస్తుంది. నీలిమందు నీటిలో కరగదు. తొట్టిలో దానిని కరిగే రూపానికి మార్చినప్పుడు పసుపుపచ్చని ద్రవమై దారానికి పట్టి, పైకి తీసి గాలి సోకగానే నీలమవుతుంది. ఎన్నిమార్లు ముంచినా రంగు దారపు పైపొరలోనే నిలుస్తుంది, నడిమి తెల్లగానే ఉంటుంది. కాబట్టి ఎక్కడ రాపిడి పడితే అక్కడ తెలుపు బయటపడుతుంది. మోకాళ్లూని పనిచేసేవానికి మోకాళ్లమీద, జేబులో గడియారం పెట్టుకొనేవానికి ఆ గడియారపు ఆకారంలోనే, గుడ్డ వెలుస్తుంది. తక్కిన బట్టలు పాతబడితే వట్టి పాతబట్టలు. ఇది మాత్రం తొడిగినవాని దినచర్యను వ్రాసి ఉంచుతుంది. ఒకే అంగడిలో కొన్న రెండు పంట్లాములు మూడేళ్లకు ఒకదానినొకటి పోలి ఉండవు. మనిషికి ఈ గుడ్డమీద మమకారం ఏర్పడడం సహజమే.

గని కార్మికులది, పసుల కాపరులది అయిన ఈ దుస్తు చిత్రసీమ ద్వారా యువకులకు చేరినది. 1953లో ‘ది వైల్డ్ వన్’లో మార్లన్ బ్రాండో, 1955లో ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’లో జేమ్స్ డీన్ దానిని ధిక్కారానికి గుర్తుగా చేసినారు. కొన్ని పాఠశాలలు దానిని నిషేధించినవి. వర్తకునికి అంతకంటె మంచి ప్రకటన దొరకదు. అయితే అదే దేశంలో, 1963 ఏప్రిల్ 12న, బర్మింగ్‌హామ్ నగరంలో మార్టిన్ లూథర్ కింగ్ తన సూటు విడిచి, ముతక నీలి దుస్తులు తొడిగి, నిషేధాజ్ఞను ఉల్లంఘించి జైలుకు వెళ్లినాడు. ఈస్టరు పండుగకు కొత్తబట్టలు కొనవద్దన్న బహిష్కరణ అప్పుడు సాగుతున్నది. పనిబట్టలు ఆ ఉద్యమపు గుర్తులైనవి. అంతకు నలుబది రెండేళ్ల ముందు, 1921 సెప్టెంబరు 22న, మధురలో గాంధీజీ కొల్లాయి కట్టినాడు.

వీరూ తమది కాని వేషమే వేసినారు కదా, అని అడుగవచ్చును. నిజమే. కాని వారు వేషంతోపాటు దాని బరువునూ తలకెత్తుకొన్నారు. ఒకరు చెరసాలను, మరొకరు రాట్నాన్ని, చలిని, దొరల పరిహాసాన్ని. పరుని బట్ట కట్టడం తప్పు కాదు. ఆ బట్ట కట్టడంవల్ల పరునికి మనం దగ్గరైనామా, దూరమైనామా అన్నదే చూడవలసినది.

నీలం విషయంలో మన దేశానికి వేరొక జ్ఞాపకం ఉన్నది. 1897లో జర్మనీ కర్మాగారపు నీలిమందు విపణికి వచ్చేవరకు, లోకంలోని నీలమంతా చెట్టునుంచి తీసినదే. మన కడప సీమలోనూ అది పండేది. వంగదేశంలో తోటదొరలు బయానా ముట్టజెప్పి, లాఠీ చూపి, వరి పండే నేలలో నీలి వేయించినారు. 1859లో రైతులు ఎదురు తిరిగినారు. మరుసటి యేడు దీనబంధు మిత్ర వ్రాసిన ‘నీలదర్పణం’ ఢాకాలో అచ్చయినది. దాని ఇంగ్లీషు అనువాదాన్ని ప్రచురించినందుకు పాదరీ జేమ్స్ లాంగ్‌కు 1861లో నెల రోజుల ఖైదు, వేయి రూపాయల జరిమానా పడినవి. చంపారన్‌లో బిగాకు మూడు కఠాల నీలి వేయవలెనన్న నిర్బంధం 1917 వరకు సాగినది.

ఆ రోజులు గతించినవని ఊరట పొందవచ్చును. కాని నాటకం అచ్చయిన ఆ ఢాకా పరిసరాలలోనే నేడు లోకానికంతకూ జీన్స్ కుట్టుతున్నారు. తెలుగు నిత్యం వినిపించే మన బళ్లారిలోనూ కుట్టుతున్నారు. కుట్టడంతో పని ముగియదు. తరువాత దానిని అరగదీయవలె. ఒకడు గరుకు కాగితంతో తొడభాగాన్ని రాస్తాడు, ఒకడు మందు చల్లి వెలయజేస్తాడు. కొన్ని దేశాలలో ఇసుకను గాలి ఒత్తిడితో గుడ్డమీదికి కొట్టించినారు. ఆ దుమ్ము పీల్చిన యువకుల ఊపిరితిత్తులు రాయిబారినవి. గనులలో ఏండ్లతరబడి పనిచేసినవారికి వచ్చే వ్యాధి కొద్దికాలంలోనే వారికి వచ్చినది. దానికి మందు లేదు. టర్కీ ప్రభుత్వం 2009లో ఆ పద్ధతిని నిషేధించినది. 2013 ఏప్రిల్ 24న ఢాకా శివారు సావర్‌లో దుస్తుల కర్మాగారాలున్న రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా మరణించినారు. ముందురోజే గోడలు బీటలు వారినవి; క్రింది అంతస్తులోని బ్యాంకు మూసినారు, కుట్టేవారిని మాత్రం పనికి రమ్మన్నారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. వెలిసిన పంట్లామును కొనేవాడు శ్రమలేని శ్రమగుర్తును కొంటున్నాడని పైన అన్నాను. ఆ మాటను కొంచెం సవరించుకోవలె. శ్రమ లేకుండా ఏ గుడ్డా అరగదు. ఆ గుర్తు వెనుక శ్రమ ఉన్నది. అది తొడిగినవానిది కాదు, అంతే. ఒకప్పుడు పనివాని ఒళ్లు అరిగి గుడ్డ అరిగేది, ఆ గుడ్డ వానిదే. నేడు గుడ్డను అరగదీయడమే ఒకని పని, అరిగిన గుడ్డ మరొకనిది.

దీనితో జీన్స్‌ను విడిచిపెట్టవలెనని నేననను. మన దేశంలో కొన్ని గ్రామాల పంచాయతులు ఆడపిల్లలు దానిని తొడుగరాదని కట్టడి చేసినవి. సైకిలెక్కి కళాశాలకు పోయే పిల్లకు ఆ పంట్లాము, దాని లోతైన జేబులతో సహా, ఎంత స్వేచ్ఛయో ఆ పెద్దలకు తెలిసియుండుటచేతనే కట్టడి చేసినారు. అధికారినీ అతని కారు నడిపేవానినీ దూరంనుంచి ఒకే తీరుగా కనిపింపజేసిన దుస్తు మన సంఘంలో ఎక్కువగా లేదు. దగ్గరికి వచ్చి నడుముమీది చీటీ చూస్తే తేడా తెలియకపోదు. అయినా ఆ దూరపు సామ్యం కూడా తృణీకరించదగినది కాదు.

ఇటీవల కొన్ని కర్మాగారాలలో ఇసుకకు బదులు లేసర్ కిరణంతో గుడ్డను వెలయజేస్తున్నారు. పనివాని ఊపిరితిత్తులు దక్కుతవి; పనివాడే తగ్గిపోతాడు. మరోప్రక్క, జపానులోను ఇతర దేశాలలోను కొందరు ఔత్సాహికులు ఉతకని, వెలయని ముడి నీలి గుడ్డనే వెదకి కొని, ఏండ్ల తరబడి తొడిగి, తమ మడతలు తామే పడేవరకు కాచుకొంటారు. వారిలో చాలమంది బల్లముందు కూర్చొని పనిచేసేవారు కావడంచేత, ఆ పంట్లాములు ముందుగా వెలిసేది మోకాళ్లమీద కాదు, కుర్చీ తగిలే చోట.